మేడం గ్రాఫులో రెండు గీతలు

మేడం పోయారన్న కబురు నాకు ఒక పొడి డబ్బా ప్రకటనతో కలిసి వచ్చింది. మాదాపూర్ ఆఫీసులో లిఫ్టు కోసం నిలబడి ఫోన్ తెరిస్తే, మా పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో దండ వేసిన ఆమె ఫొటో. కింద "మా గురువుగారికి అశ్రునివాళి". పక్కనే నల్ల డబ్బా, కండలు తిరిగిన ఒక చెయ్యి, "కొవ్వు కరిగించే కార్నిటైన్". ఏడుపు రావాల్సిన చోట అసహ్యం వేసింది. పంపినవాడు మా బ్యాచ్‌వాడే. ఇప్పుడు ఆ పొడి కంపెనీకి ఓనరు. ఛీ, శవం మీద కూడా వ్యాపారమేనా!

మేడం మాకు బయోకెమిస్ట్రీ చెప్పారు. గుడ్డు కూడా ముట్టని కోస్తా ఇంటి మనిషి. అయినా ప్రయోగం ఉన్న రోజు పొద్దున్నే ఐసు డబ్బా పట్టుకుని చందానగర్ మార్కెట్లో మటన్ దుకాణం ముందు నిలబడేవారు. తాజా మేక కాలేయం కావాలి. ఒక చేత్తో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో ఏ ముక్కో చూపించేవారు.

"ఫ్రై చేస్తరా మేడం, కూరనా?" అన్నాడు ఓసారి కొట్టాయన.

"పచ్చిదే రుబ్బేస్తామండీ."

"యా అల్లా! గట్లెట్ల తింటరమ్మా?"

ఆ రోజు దారంతా ఆటోలో నవ్వుతూనే ఉన్నారు.

రుబ్బిన కాలేయాన్ని పదేపదే కడిగి అందులోంచి మైటోకాండ్రియాను వేరుచేసేవాళ్ళం. కణంలో కొవ్వును మండించే పొయ్యిలు అవే. పొడవాటి కొవ్వు ఆమ్లాలు ఆ పొయ్యిలోకి వాటంతట అవి దూరలేవు. కార్నిటైన్ వాటిని లోపలికి చేర్చి, ఇంకోదాని కోసం మళ్ళీ బయటికొస్తుంది. అందుకే ఒక ట్యూబులో కార్నిటైన్ వేసేవాళ్ళం, ఇంకోదానిలో వేసేవాళ్ళం కాదు. కొవ్వు ఎంత మండిందో చూపే గ్రాఫులో కార్నిటైన్ వేసిన గీత పైకి ఎగబాకేది, వెయ్యనిది నేలకు అంటుకుని ఉండేది. ఆ గ్రాఫు మేడం తన చేత్తో గీసేవారు.

"అయితే గిది తాగితే సన్నబడతరు గద మేడం?" అన్నాడు ఆ రోజుల్లోనే ఇప్పటి ఈ పొడి ఓనరు.

మేడం ముఖం చిట్లించారు. "ఛీ, అలా ఆలోచించకు నాయనా. ఇక్కడ ఉన్న కార్నిటైన్‌ని మనం కడిగి పారబోశాం కాబట్టి మళ్ళీ మనమే వేస్తున్నాం. నీ ఒంట్లో ఎవరు కడిగారు? నీ కాలేయం, మూత్రపిండాలు రోజూ తయారు చేస్తూనే ఉన్నాయి. హైటెక్ సిటీకి క్యాబులు రెట్టింపు చేస్తే ఉద్యోగాలు రెట్టింపవుతాయా?"

అందరం నవ్వాం. మేడం నవ్వలేదు. పుట్టుకతోనే కార్నిటైన్ ఒంట్లో నిలవని పిల్లలుంటారని, వాళ్ళకది ప్రాణం నిలిపే మందని చెప్పారు. "ఉన్నవాడు అదే పనిగా తాగితే ఒళ్ళు చేపల కంపు కొడుతుంది, అంతే" అన్నారు. ఒంటిని ట్యూబు అనుకోవద్దమ్మా అని నాతో ఎన్నిసార్లు అన్నారో!

ఇప్పుడు ఆ ప్రకటనను పెద్దది చేసి చూస్తే, డబ్బా బొమ్మ వెనక సరిగ్గా ఆ గ్రాఫే ఉంది. అవే రెండు గీతలు. నాకు ఒళ్ళు మండిపోయింది. వెంటనే వాడికి ఫోన్ చేశాను.

"గ్రాఫు మేడందే గద, అబద్ధమైతే కాదు గద," అన్నాడు. "ఊరంతా ఆమె ఫొటో పెట్టించిన. ఎవరు చేస్తరు గింత? నువ్వు జర లైట్ తీస్కో."

ఫోన్ పెట్టేశాక చెయ్యి కడుక్కోవాలనిపించింది.

నల్లగండ్లలో మేడం ఇంటికి వెళ్ళేసరికి సార్, అంటే మేడం భర్త, ఒక్కరే కూర్చుని ఉన్నారు. రిటైరైన గవర్నమెంటు ఉద్యోగి, నెమ్మదస్తుడు. "ఎవరో శిష్యుడు చందానగర్ జిమ్ము ముందు ఆవిడ ఫ్లెక్సీ కట్టించాడటమ్మా. ఎంత గౌరవమో చూడు" అన్నారు. ఆయన ముఖంలో ఆ సంతోషం చెరపాలనిపించలేదు. కానీ చెప్పకపోతే రేపు ఊరంతా ఆ డబ్బా మేడమే తాగమన్నారనుకుంటుంది. మొత్తం చెప్పాను.

"ఆ గ్రాఫు ఆవిడదేనా?"

"ఆవిడదే సార్."

"తప్పా?"

"ట్యూబులో నిజమే సార్. మనిషికి కాదు."

సార్ లేచారు. చెప్పులు వేసుకున్నారు. "పదమ్మా."

జిమ్ము గోడకు నిలువెత్తు ఫ్లెక్సీ. మేడం నవ్వుతున్నారు, భుజం దగ్గర డబ్బా, దాని వెనక అదే గ్రాఫు. నాకు కంపరం ఎత్తింది. సార్ మేనేజర్ని కత్తెర అడిగారు.

"కంపెనీవాళ్ళు కట్టిండ్రు సార్, మాకేం తెల్వది. ఇంతకీ గామె మీకేమైతది?"

"మా ఆవిడండీ."

అతను లోపలికెళ్ళాడు. కత్తెర తెచ్చిచ్చి, స్టూలు కూడా వేశాడు.

మొత్తం చింపేద్దామన్నాను నేను. సార్ వినిపించుకోలేదు. మేడం జుట్టు ముడి దగ్గర మొదలుపెట్టి, చెవి పక్కగా, మెడ వంపు చెడకుండా మెల్లగా కోశారు. వంపు తిరిగిన చోటల్లా ఆగి చూసుకున్నారు. స్టూలు దిగాక కత్తెర నాకు అందించారు.

"గ్రాఫు నువ్వు కొయ్యమ్మా. అది ఎక్కడి దాకా ఉంటుందో నాకు తెలియదు."

కోశాను. కళ్ళ నీళ్ళలో రెండు గీతలూ అలుక్కుపోయి కనిపించాయి.

తిరుగు ఆటోలో ఆ ఫ్లెక్సీ ముఖం చుట్టుకుపోతూనే ఉంది. సార్ దాన్ని ఒళ్ళో పరిచి, నల్లగండ్ల వచ్చేదాకా రెండు అరచేతులతో ఆమె చెంపలు అదిమి పట్టుకునే ఉన్నారు.