సీసాల పిన్ని మర్చిపోయిన మూడు బుడ్లు

ఆ ప్రయోగశాలలో ఇరవై రెండేళ్ళుగా సీసాలు కడుగుతున్న ఆవిడను అందరూ సీసాల పిన్ని అంటారు. మరపన్నది తన ఇంటా వంటా లేదని ఆవిడ చెప్పుకునే గొప్ప. అబ్బో, ఆ గొప్ప వినని గోడ లేదక్కడ.

అలాంటి పిన్ని పొద్దున్నే వేడినీళ్ళ తొట్టి మూత ఎత్తి, దాన్ని పట్టుకునే నిలబడిపోయింది. మూడు బుడ్లూ తొట్టిలోనే ఉన్నాయి.

నిన్న సాయంత్రం, అక్కడ ప్రయోగాలు చేసే డాక్టరమ్మ ఒకటికి పదిసార్లు చెప్పింది. "గంట కాగానే తీసి మంచులో పెట్టండి పిన్నీ. పొడి ఇక మిగల్లేదు. ఇదీ విరిగితే పని ఆపేయమన్నారు పైవాళ్ళు."

ఆ పొడి ప్రోటీన్ల తునకలు. నీళ్ళలో వేడిచేసి చల్లారిస్తే వాటంతటవే ఒకదాన్నొకటి పట్టుకుని, కంటికి కనబడనంత చిన్న డబ్బాలై, కేన్సర్ మందును కడుపులో దాచుకుని మోసుకుపోవాలి. నాలుగు నెలలుగా మాత్రం విరిగిన పాలలా ముద్దకడుతున్నాయి. పిన్ని నిన్న ఏం చేసింది? స్విచ్చి ఆపింది, మూత పెట్టింది. అంతలో ఫోనులో మనవరాలి ఫోటోలొచ్చాయి. ఆ బోసినవ్వులో పడి, మంచు సంగతే మరిచి ఇంటికి వెళ్ళిపోయింది.

అబద్ధమాడదామా అనిపించింది. నోరు రాలేదు.

"కొంప ముంచానమ్మా. తియ్యడం మర్చిపోయాను," అంది, డాక్టరమ్మ రాగానే.

డాక్టరమ్మ తిట్టలేదు. పిన్నికి అందుకే ఇంకా భయమేసింది. ఆవిడ బుడ్డి ఎత్తి చూసింది. ముద్దల్లేవు, తేటగా ఉంది. లైట్లార్పి, ఎర్రకాంతి పెన్ను దానిమీదికి తిప్పింది. డబ్బాలు తయారైతేనే ఆ కాంతి లోపల గీతలా కనిపిస్తుంది. ఉత్త నీళ్ళలో కనబడదు.

గీత కనిపించింది, ఈ చివర నుంచి ఆ చివరికి. రెండోదీ అంతే, మూడోదీ అంతే.

"మంచులో గబుక్కున చల్లార్చి మనమే పాడుచేశాం పిన్నీ. వాటికి తీరిక కావాలట," అంటూ డాక్టరమ్మ పిన్ని రెండు చేతులూ పట్టుకుని గిర్రున తిప్పింది. ఇద్దరూ నవ్వి నవ్వి నేలమీద కూలబడ్డారు.

పని ఆగలేదు. వారం తర్వాత కొత్త పొడి వచ్చింది. డాక్టరమ్మ తొట్టిలో బుడ్లు పెట్టి, "ఇవాళ కూడా మర్చిపోండి పిన్నీ," అంది.

మర్నాడు ఎర్రగీత మళ్ళీ వచ్చింది. పిన్ని ముఖం మాత్రం వాడిపోయి ఉంది.

"ఏమైంది పిన్నీ?"

"చచ్చినా మర్చిపోలేకపోయానమ్మా. కన్ను మూస్తే ఆ బుడ్లే. వాటికి మాత్రం చెప్పకండి."