గుర్రపుడెక్క కింద నీళ్ళు

మా మరిది పోయాడన్న ఫోను, పొద్దుటి ప్రార్థన ముగించి నేను టీ పెడుతుండగా వచ్చింది. పాఠాలు చెప్పే కాలేజీలోనే రాత్రంతా ఉండిపోయి, తన కంప్యూటరు ముందు కుర్చీలోనే ఒరిగిపోయాడట. గుండె. ఫోను పెట్టేసి టీ వడకట్టాను, అతని గ్లాసులో కూడా పోశాను. రోజూ కాలేజీకి వెళ్తూ మా ఇంటి దగ్గర ఆగి, సగం తాగి వెళ్ళేవాడు.

జ్ఞాపకార్థ కూటంలో పాస్టరు గారు "సిస్టర్, రెండు మాటలు చెప్పండి" అన్నారు. లేచి "మంచివాడు" అని కూర్చున్నాను. నా గొంతు మూడో బెంచీ దాకా వెళ్ళదు. అప్పట్నుంచీ స్థిమితం లేదు. బట్టలు నానబెట్టి మరచిపోతున్నాను. మోకరించి, ఏం అడగాలో మరచిపోతున్నాను. నోటితో రానిది చేత్తో వస్తుందేమోనని ఇలా కూర్చున్నాను. బడి మానేశాక ఇంత రాయడం ఇదే. తప్పులుంటే సర్దుకోండి.

ఉపగ్రహం పైనుంచి తీసిన ఫొటోల్లో చెరువులు ఎక్కడున్నాయో కంప్యూటరు తనంతట తనే గుర్తుపట్టేలా నేర్పించడం అతని పని. అలా నేర్చుకున్నదాన్ని మోడల్ అనేవాడు. "కంప్యూటరుకి కళ్ళెక్కడివి అబ్బాయ్?" అని అడిగితే నా చేతిలో చేట చూపించాడు.

"బియ్యంలో మట్టిబెడ్డలు ఏరడం నీకెవరు నేర్పారు వదినా?"

"ఎవరు నేర్పుతారు? అమ్మ పక్కన కూర్చుని చూసీ చూసీ వచ్చింది."

"బస్, అదే. దానికీ నేను చూపించీ చూపించీ నేర్పిస్తున్నాను."

భిలాయిలో పుట్టినవాడు. నోట్లోంచి హిందీ ముందొచ్చి, తెలుగు వెనకాల నడిచొచ్చేది.

మొదటిసారి మోడల్ చెరువులు గుర్తించిన రోజు, సెక్టర్ 7లో మా క్వార్టరుకి లాప్‌టాప్ పట్టుకుని పరుగున వచ్చాడు. ఉక్కు ప్లాంటు వెనక పెద్ద చెరువొకటి ఉందని మోడల్ నీలం రంగు వేసి చూపించింది. మా ఆయన అక్కడ ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేసు మనిషి. కళ్ళజోడు సవరించుకుని చూశారు.

"ఒరే, అది స్లాగ్ పోసే చోటురా. చిట్టెంలో ఏ చేపలు పడతావు?"

"చల్లారాక పైనుంచి నీళ్ళలాగే నల్లగా ఉంటుంది భయ్యా."

"వేడిగా ఉన్నప్పుడు దిగి చూడు మరి. బొమికలు కూడా దొరకవు."

అందరికంటే ఎక్కువ అతనే నవ్వాడు. మర్నాడే మళ్ళీ మొదటినుంచి నేర్పించడం మొదలుపెట్టాడు. "పైనుంచి చూసింది సగమే వదినా, మిగతా సగం చెప్పులకి బురద అంటితేనే" అనేవాడు. ఫొటోలో కనిపించిన ప్రతి చెరువు దగ్గరికీ వెళ్ళి గట్టు చుట్టూ నడిచేవాడు. ఆ బురదంతా మా గుమ్మంలోకి వచ్చేది. తిట్టేదాన్ని. కూర్చున్నా కుదురుండేది కాదు. మోకాలు ఊగుతూనే ఉండేది, బల్లమీద నా గ్లాసులు గలగలలాడేవి.

అతన్ని నిద్రపోనివ్వనిది భిలాయి అంచున కోహ్కా దగ్గరి చెరువు. గుర్రపుడెక్క నిండుగా పరుచుకుని పైనుంచి పచ్చగా ఉంటుంది. మోడల్ దాన్ని పొలం అనేది. ఏ చెరువుల్లో పూడిక తీయాలో నిర్ణయించేవాళ్ళకి అతని మ్యాపు వెళ్ళాలి. ఎవరో అప్పటికే ఆ గట్టు పక్కన ట్రాక్టర్లతో ఇటుకముక్కలు దింపుతున్నారు. "మ్యాపులో లేని చెరువుని కప్పెట్టేస్తే ఎవరు అడుగుతారు వదినా?" అనేవాడు. అన్నం కలిపి, తినకుండా అదే అనేవాడు.

మా సంఘం బాప్తిస్మాలు ఆ చెరువులోనే. ముందురోజు సహోదరులు నీళ్ళలో దిగి, తాడు అడ్డంగా పట్టి, వెదురుగడలతో డెక్కని తోసి ఒక మూల ఖాళీ చేస్తారు. కొద్ది రోజులకే అది మళ్ళీ మూసుకుపోతుంది. ఒకసారి బాప్తిస్మాలైన వారంలో అతను గుమ్మంలోంచే అరిచాడు.

"వదినా, శనివారం చెరువులో మీరేటి చేసారు?"

"ఏటి చేస్తాం, బాప్తిస్మాలకి డెక్క తీశారు."

తెర నాముందు పెట్టాడు. పచ్చటి ముద్దలో ఒక మూల గోరంత నల్లగా ఉంది. మోడల్ ఆ గోరంతకి నీలం వేసింది.

"నాకు ఇన్నాళ్ళూ చేతకానిది మీ పాస్టరు ఒక్క తాడుతో చేసేశారు."

"నువ్వెప్పుడు దిగుతావు ఆ నీళ్ళలోకి?"

"ముందు నా మోడల్ తీసుకుంది కదా వదినా బాప్తిస్మం. దాని వెనకాలే నేను."

నేను అడగడం మానలేదు, అతను నవ్వడం మానలేదు.

ఒక్క రోజు ఫొటో చూసి దేన్నీ తీర్పు తీర్చకూడదని అప్పుడే అనుకున్నాడట. అదే చోటుని డెక్క ఉన్నప్పుడూ, తీసినప్పుడూ పక్కపక్కన పెట్టి మోడల్‌కి చూపించడం మొదలుపెట్టాడు. పచ్చగా ఉన్నా కింద నీళ్ళుండవచ్చని అది నేర్చుకోవాలి. ఆ పని మధ్యలోనే పోయాడు.

కూటమైన మర్నాడు అతని దగ్గర చదువుకునే ఛత్తీస్‌గఢీ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని, హిందీలో చెప్పింది: "సర్ పని నేను నడుపుతున్నాను ఆంటీ. చాలా చెరువులు దొరికాయి. కోహ్కాది మాత్రం ఆ మూల తప్ప ఇంకా పొలమనే అంటోంది. డెక్క తీసిన ఫొటోలు ఆ ఒక్క మూలవే ఉన్నాయి. మ్యాపు ఇచ్చే రోజు దగ్గరికొచ్చేసింది."

ఆదివారం ఆరాధన అయ్యాక లేచి నిలబడ్డాను. ఈసారి చివరి బెంచీ దాకా వినపడిందట. "చెరువులో డెక్క తీద్దాం" అన్నాను.

సంఘ పెద్ద ఒకాయన ఆశ్చర్యపోయారు. "దిగేవాళ్ళు లేనప్పుడు డెక్క తీయడమేటమ్మా? బాప్తిస్మం ఎవరికి?"

"ఎవరికీ కాదు. మా మరిది కోసం."

పాస్టరు గారు పాంటు మోకాళ్ళ పైకి మడుచుకోవడం మొదలుపెట్టారు.

ఇటుకముక్కలు పోస్తున్న వైపే తీశాం. ఆడవాళ్ళం గట్టుమీదికి లాగి కుప్పలు వేశాం. ఉపగ్రహం కొద్ది రోజులకోసారి మనమీదుగా వెళ్తుందట. మబ్బుంటే దానికి ఏమీ కనపడదట. నిన్నటినుంచీ మబ్బే. మబ్బు తొలగించు ప్రభూ అని నేను ప్రార్థిస్తుంటే, పొలమున్న పక్కింటి దీదీ వరినారుకి వాన కోసం మొక్కుతోంది. ఎవరి మాట వినాలో ఆయనకే వదిలేశాను. అయినా ఇది రాస్తూ ఎన్నిసార్లు బయటికెళ్ళి పైకి చూశానో.

ఇందాక చెరువు దాకా వెళ్ళొచ్చాను. తీసినచోట నీళ్ళు నల్లగా, కదలకుండా ఉన్నాయి. ఊదాపువ్వుతో ఒక్క డెక్క మొక్క మెల్లగా వెనక్కి వస్తోంది. గడతో తోశాను. కాస్త దూరం వెళ్ళి, మళ్ళీ ఇటే తిరిగింది.

ఈ కాగితాలు ఇంటి పెద్ద బైబిల్లో పెడుతున్నాను. మనవాళ్ళు చదివి దాచండి, పైవాళ్ళకి చూపకండి. అతని గురించి ఎవరైనా అడిగితే కోహ్కా తీసుకెళ్ళి ఆ చెరువు చూపించండి. చెప్పులు బురదవుతాయి. కానివ్వండి.