ఇంజను మీద గొడుగు

రావులపాలెం జంక్షన్‌కి మా కాన్వాయ్ చేరేసరికి ఉదయం ఐదూ పది. ఆగస్టు నెల. మూడు రోజులుగా తెరిపి లేని వాన. అరటి మార్కెట్లో గెలలు కుప్పలుగా కుళ్లిపోతున్నాయి. లారీలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. రెండు ట్రక్కులు, నాలుగు రబ్బరు పడవలు, ఇరవై ఎనిమిది మంది జవాన్లం. అందరికంటే వెనక ఒక పాత డీజిల్ ఫోర్‌వీల్ జీపు. దానికి డ్రైవర్నీ, మెకానిక్‌నీ నేనే. అప్పటికి హవల్దార్‌ని. మంచులో పనిచేశాను, ఎడారిలో పనిచేశాను. సొంత గడ్డకి డ్యూటీ మీద రావడం మాత్రం అదే మొదటిసారి. కొత్తపేటలో మా ఇల్లు అక్కడికి అరగంట దూరం. తొమ్మిది రోజుల్లో ఒక్కసారి కూడా గుమ్మం తొక్కలేదు.

జీపు మీటరు మీద రెండు లక్షల ఎనభై ఆరు వేల కిలోమీటర్లు ఉన్నాయి. దాన్ని పక్కన పడేయాలని అప్పటికే కాగితాలు కదిలాయి. కెప్టెన్ సాబ్ దాన్ని రావులపాలెంలోనే వదిలేద్దామన్నారు.

"దారిలో ఆగితే ఎవరిది బాధ్యత?" అని అడిగారు. హిందీలో అన్న మాట, మీకోసం తెలుగులో రాస్తున్నాను.

"నాది సాబ్. ఆగదు" అన్నాను.

ఎందుకంత ధైర్యం అంటే, ఆ ఇంజను నాలుగేళ్లుగా నా చేతిలో ఉంది. అది ఎప్పుడు దగ్గుతుందో, ఎక్కడ కారుతుందో, రోజుకి ఎంత ఆయిల్ తాగుతుందో నాకు తెలుసు. అర లీటరు తాగేది.

మా క్యాంపు ఉప్పలగుప్తం వైపు మెరక మీదున్న ఒక హైస్కూలు. పడవలు మునిగిన ఇళ్లనుంచి జనాన్ని తెచ్చి కాలవగట్టు దగ్గర దించేవి. అక్కడినుంచి అంబులెన్సు ఆగే రోడ్డుకి ఆరు కిలోమీటర్లు. ఇరుకు గట్టు, జారే మట్టి, రెండు చోట్ల మోకాలి లోతు నీళ్లు. ట్రక్కులు ఆ గట్టు మీద పట్టవు. జీపు ఒక్కటే దిక్కు. ఉదయం ఐదున్నరకి మొదటి ట్రిప్పు. రోజుకి ఆరు, ఒక్కోరోజు ఏడు. వెనక తాడు, రెండు పారలు, జాకీ, చక్రాల కింద వేసుకునే చెక్కలు, ఐదు లీటర్ల ఆయిల్ డబ్బా. ముసలమ్మలు, మేకలు, బియ్యం బస్తాలు, ఒకసారి హార్మోనియంతో సహా ఒక పాస్టరుగారు ఆ జీపులోనే గట్టు దాటారు. ప్రతి ట్రిప్పుకీ ముందు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూసుకునేవాణ్ణి. రేడియో ఆపరేటర్ పంజాబీ కుర్రాడు. "పాజీ, నువ్వు దాన్ని చూసుకున్నట్టు మా వదినని చూసుకోవు" అని ఏడిపించేవాడు.

ఐదో రోజు నీళ్లు బోనెట్ దాకా వచ్చాయి. మధ్యాహ్నం డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది. ఇంజనులోకి నీళ్లు చేరాయి. మొత్తం దించి కొత్తది పోయాలి, ఆరు లీటర్లు కావాలి. నా డబ్బా అడుగంటింది. మా ఆయిల్ పీపా వస్తున్న ట్రక్కు రోడ్డు తెగి అవతలే ఉండిపోయింది.

నాలుగు గంటలకి ఏసురత్నంగారు వచ్చారు. గల్ఫ్‌లో పదహారేళ్లు కార్లు నడిపి తిరిగొచ్చిన మనిషి. ఆయన మేడ మీద అప్పటికి నాలుగు కుటుంబాలు తలదాచుకున్నాయి. ఛాతీ లోతు నీళ్లలో, నెత్తిమీద నాలుగేసి లీటర్ల డబ్బాలు రెండు పెట్టుకుని నడిచి వచ్చారు.

"హవల్దార్‌గారూ, మీకు ఆయిల్ లేదని తెలిసిందండి. ఇదిగోనండి, దుబాయ్ నించి తెచ్చుకున్నాను. నా కారుక్కూడా పొయ్యకుండా దాచేనండి. పోసెయ్యండి."

డబ్బా చదివాను. చాలా ఖరీదైన సరుకు. కానీ పెట్రోలు కార్లది, కొత్త కార్లది. డబ్బా మీద అక్షరాలు ఎస్‌తో మొదలైతే పెట్రోలుకి, సీతో మొదలైతే డీజిల్‌కి. దీని మీద ఎస్ ఉంది. చిక్కదనం చెప్పే రెండో అంకె నాకు కావలసింది నలభై, దీని మీద ముప్ఫై. అరిగిన ఇంజను వేడెక్కాక అంత పల్చటి నూనె లోపల ఒత్తిడి నిలబెట్టలేదు. గట్టిపడిన పాత రబ్బరు సీళ్ల సందుల్లోంచి బయటికి కారిపోతుంది.

"ఎందుకండీ, మీరు దాచుకున్నది..." అని నసిగాను.

"అదేంటండీ అలాగంటారు? మాకోసం మీరు నీళ్లల్లో పడి తిరుగుతుంటే! మా సుజాత కూడా ఇచ్చేసి రమ్మందండి. కాదనకండి."

"ఆయ్, అలాగేనండి" అన్నాను.

నా సర్వీసులో చేసిన పెద్ద తప్పు ఆ రెండు మాటలే. ఇంకో రాష్ట్రంలో అయితే తల అడ్డంగా ఊపి పని చూసుకునేవాణ్ణి. ఇంకెవరి దగ్గరైనా ఆయిల్ ఉందేమో అడిగేవాణ్ణి. ఇక్కడ నోరు రాలేదు. ఒక డబ్బా పూర్తిగా, రెండోదాంట్లో సగం పోశాను.

"పాజీ, దీని మీద పెట్రోల్ అని రాసుందే?" అన్నాడు ఆపరేటర్.

"చూశాను."

"మరి?"

"మొహమాటం. నీకు అర్థం కాదులే" అన్నాను.

ఆరో రోజు జీపు బాగానే నడిచింది. నిజం చెప్పొద్దూ, శబ్దం కూడా తగ్గింది. ఏసురత్నంగారు గట్టు మీద ఎదురైనప్పుడల్లా ఇంజను వైపు ముద్దుగా చూసుకునేవారు.

ఏడో రోజు మధ్యాహ్నం రెండూ ఇరవై. రేడియోలో కబురు. పాము కరిచింది. ఏసురత్నంగారి భార్య సుజాతగారిని. వంటగదిలో నీళ్లు తీశాక పీట జరపబోతే దాని కింద ఉందట. మా నర్సింగ్ అసిస్టెంట్ ఆవిడ కాలు కదలకుండా బద్దలు కట్టి పడవలో తెచ్చాడు. రెండూ నలభై ఐదుకి జీపులో పడుకోబెట్టాం. ఆ తొందరలో డిప్‌స్టిక్ తియ్యలేదు. పైన టార్పాలిన్ కప్పు. పక్కన అసిస్టెంట్, ముందు సీట్లో ఏసురత్నంగారు. ఆయన నోట్లో ప్రార్థన ఆగడం లేదు.

రెండూ యాభై ఎనిమిదికి, రొయ్యల చెరువుల పక్కన, ఆయిల్ ఎర్రలైటు వెలిగింది. రెండున్నర కిలోమీటర్లు వచ్చాం. ఇంకా మూడున్నర ఉంది. అలాగే తోలితే ఇంజను పట్టేస్తుంది. పట్టేస్తే ఆవిడని మోసుకెళ్లాలి. ఆ బురదలో గంట పైనే పడుతుంది. ఆపేశాను.

"జీపు, ఎందుకు ఆగావు? ఓవర్." కెప్టెన్ సాబ్ గొంతు.

"ఆయిల్ లైటు సాబ్. ఓవర్."

"ఎంతసేపు? ఓవర్."

"పది నిమిషాలు ఇవ్వండి. ఓవర్."

"నువ్వు నాకు మాటిచ్చావు హవల్దార్. అవుట్."

డిప్‌స్టిక్ కొస మాత్రమే తడిగా ఉంది. వెనక సీలు కింద మట్టి నల్లగా తడిసింది. ఎదురుగా చెరువుగట్టు మీద జనరేటర్ షెడ్డు కనిపించింది. పరుగెత్తాను. రైతు సుబ్బరాజుగారు లోపల మడతమంచం మీద కూర్చుని మునిగిపోయిన చెరువుల వైపు చూస్తున్నారు.

"రాజుగారూ, జనరేటర్‌కి ఏ ఆయిల్ పోస్తారండీ?"

"డీజిల్‌దేనండి, పదిహేను నలభై. ఏం?" అని లేచి, నా మొహం చూసి, సీలు తియ్యని పది లీటర్ల డబ్బా నా చేతికిచ్చేశారు. "పట్టుకెళ్లండి. నాకింక దేనికండీ, రొయ్యంతా ఏట్లో కలిసిపోయింది."

డబ్బా తిప్పి చదవబోయాను.

"చదవక్కర్లేదండి. జనరేటర్ ఆగితే గాలందక చూస్తుండగానే రొయ్య చచ్చి తేలిపోద్ది. అందుకే ఆయిల్ విషయంలో నేనెవ్వరి మాటా విననండి. మా బావగారు ఊరికే ఇస్తానన్నా పుచ్చుకోలేదు."

ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది.

అంతా దించి మార్చే తీరిక లేదు. మూడు లీటర్లు కలిపితే మట్టం పెరుగుతుంది, పల్చటి నూనె కాస్త చిక్కబడుతుంది, రోడ్డు దాకా చాలు. బోనెట్ ఎత్తాను. వాన కుండపోత. ఐదో రోజు పాలరంగు ఆయిల్ కళ్లలో మెదిలింది. నా వెనకే వచ్చిన రాజుగారి గొడుగు లాక్కుని ఏసురత్నంగారి చేతిలో పెట్టాను.

"ఇక్కడ పట్టుకోండి. ఒక్క చుక్క పడకూడదు."

"నేను తన దగ్గరుండనాండీ? పిలుస్తోందండి."

"ఇక్కడే ఉండండి" అన్నాను. అది ఆర్డరే.

ఆయన గొడుగు పట్టుకున్నారు. పోశాను, మట్టం చూశాను, మళ్లీ పోశాను. ఆరు నిమిషాలు. మూడూ తొమ్మిదికి తాళం తిప్పాను. లైటు మూడు సెకన్లు వెలిగి ఆరిపోయింది. ఆ ముసలి ఇంజను బురదని చీల్చుకుంటూ కదిలింది. మూడూ ముప్ఫై ఒకటికి అంబులెన్సు దగ్గర ఆగాం. అమలాపురం ఆసుపత్రిలో మందు సమయానికి పడింది. సుజాతగారు బతికారు.

ఆ సాయంత్రం మొత్తం దించి సుబ్బరాజుగారి ఆయిల్ పోశాను. తొమ్మిదో రోజు వెనక్కి బయలుదేరాం. రావులపాలెం దాకా ఏసురత్నంగారు వచ్చారు.

"నా డబ్బా వల్లేనాండీ అలాగయ్యింది?" అని అడిగారు.

"కాదండీ. చదివి కూడా పోసినోణ్ణి నేను" అన్నాను. తర్వాత కెప్టెన్ సాబ్ దగ్గరికెళ్లి అదే మాట పూర్తిగా చెప్పాను. ఆయన తిడతారనుకున్నాను. "బండి ఏ ట్రక్కు మీదా ఎక్కదు. నువ్వే తోలుకురా" అన్నారు. కంటోన్మెంట్ గేటులోకి ఆ జీపు తన చక్రాల మీదే వెళ్లింది. దాన్ని పడేసే కాగితాలు వెనక్కి వెళ్లాయి. ఇంకో ఏడాదిన్నర సేవ చేసింది. మెడల్సు లేవు నాకు. అది చాలు, ఈ రోజుకీ ఛాతీ పొంగుతుంది.

ఇప్పుడు కొత్తపేటలో పాత డీజిల్ బండ్లవాళ్లు నా షెడ్డుకి వస్తారు, ఏ ఆయిల్ పొయ్యమంటారని అడుగుతారు. బండి పుస్తకంలో ఏం రాసుందో అది, డీజిల్ అక్షరాలున్నది, మన ఎండలకి పదిహేను నలభై. ఎవరు ప్రేమగా ఇచ్చినా ఇంకోటి వద్దు. సున్నితంగా, అండీ అంటూనే, కాదని చెప్పడం నేర్చుకున్నాను.

ఒక్కటి మాత్రం వాళ్లకి చెప్పను. ఒకటి రెండు చుక్కల వాన పడితే ఇంజను చావదు. ఆ రోజూ నాకు తెలుసు. డబ్బా మూతికి నా టోపీ అడ్డుపెట్టినా సరిపోయేది. భయంలో ఆ మనిషిని భార్య దగ్గరినుంచి లాగి నిలబెట్టాను. టార్పాలిన్ కిందనుంచి ఆవిడ "ఏమండీ" అని పిలుస్తూనే ఉంది. ఆయన వెనక్కి తిరగలేదు. తిరిగితే గొడుగు కదులుతుంది. నెత్తి మీద వాన, కళ్లలో వాన, రెండు చేతులతో గొడుగు పట్టుకుని, నా ఇంజను తడవకుండా నిలబడ్డారు.