మంచు పడిన రోజు నుంచి జీతం

రాయపూర్ శివార్లలోని ఉర్లాలో నేను పనిచేసిన ఇనుప కర్మాగారం కొలిమి ఆర్పేసిన ఏడాది, నాకు రెండు ఉద్యోగాలు ఒకేసారి దొరికాయి. రెండూ మంచు కొండల మీద. ఒకటి ఉత్తరాఖండ్‌లో, మరొకటి హిమాచల్‌లో. స్కీయింగ్‌కు వచ్చే అతిథుల కోసం కట్టిన విడిది హోటళ్లవి. పని కూడా ఒకటే: అతిథులకు బూట్లూ స్కీ పలకలూ అద్దెకివ్వడం, పలకల అడుగున మైనం పట్టించడం, సాయంత్రం వాటిని తుడిచి గోడవారగా నిలబెట్టడం. రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివినవాడికి మైనం సంగతి తెలిసే ఉంటుందని ఇద్దరు మేనేజర్లూ విడివిడిగా నమ్మారు. ప్రతి మాటకూ రుజువు అడిగే అలవాటున్న నేను, ఆ ఒక్క నమ్మకానికి మాత్రం రుజువు కోరలేదు.

షరతులోనూ తేడా లేదు. తిండీ బసా చేరిన రోజు నుంచి. జీతం మంచు పడిన రోజు నుంచి. మంచు పడకపోతే సీజను లేదు, సీజను లేకపోతే జీతం లేదు. నాకు అప్పటికే కొన్ని నెలలుగా జీతం లేదు. కాబట్టి ఏ కొండ మీద ముందుగా మంచు పడుతుందో రాయపూర్ గుఢియారీ పేటలోని మా ఇంట్లో కూర్చుని తేల్చాలి. గుఢియారీలో మా డాబా మీద ఆకాశం నుంచి పడేది చిమ్నీల బూడిద ఒక్కటే. ఆరేసిన చొక్కా మీది మసిని వేలితో నలిపి, అది బొగ్గు పొడో ఇనుప ధూళో చెప్పగలను. మంచు విషయంలో నాకున్న అనుభవం ఫ్రిజ్ పైఅరకు పరిమితం.

ముందుగా రెండు హోటళ్ల కరపత్రాలు తెప్పించుకున్నాను. రెండూ మంచుకు హామీ ఇచ్చాయి. ప్రకృతి తరఫున హామీ ఇచ్చే అధికారం వీరికి ఎవరిచ్చారన్న సంగతి పక్కనపెట్టి, ఫొటోలను భూతద్దంతో పరిశీలించాను. తెల్లటి వాలు, ఎడమ పక్కన నడుము వంగిన దేవదారు చెట్టు, దాని కింద ఎర్ర టోపీ మనిషి. రెండో కరపత్రంలోనూ అదే చెట్టు, అదే టోపీ, కాకపోతే కుడి పక్కన. ఫొటోను ఒకరు అద్దంలో చూపినట్టు తిప్పి వేసుకున్నారు. ఎవరిది అసలు, ఎవరిది నకలు అన్నది తేలలేదు. మూడో హోటల్‌ది కావడానికీ అవకాశం ఉంది.

ఫోన్ చేసి, కిందటి సీజన్లలో మొదటి మంచు ఎప్పుడు పడిందో రాసిపెట్టారా అని అడిగాను. హిమాచల్ మేనేజర్ నవ్వాడు. "భాయ్‌సాబ్, ఇది హిమాలయం. ఇక్కడ మంచు పడక ఇసుక పడుతుందా?" అన్నాడు హిందీలో. ఉత్తరాఖండ్ మేనేజర్ నవ్వలేదు. పైవాడి దయ అన్నాడు. రెండు జవాబులూ పరీక్షకు నిలిచేవి కావు.

మా నాన్న ఈ తతంగాన్ని వాకిట్లో కుర్చీ వేసుకుని చూస్తున్నారు. ఆయన గూడ్సు బండ్ల గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. విజయనగరం దగ్గరి నుంచి రాయపూర్ వచ్చి ముప్ఫై ఏళ్లు దాటినా, ఆయన లోకంలో ఊళ్లు లేవు, స్టేషన్లే ఉన్నాయి.

"ఒరే, ఏటా అడగడం?" అన్నారు. "బండి చేరిందా అని దాన్ని తోలినోడినడుగుతారేటి? అవతలి స్టేషనోడినడగాల. ఆఖరి డబ్బా తోక దీపం కళ్లతో చూసినోడు చెప్తే బండి చేరినట్టు. ఇంజిను కనపడితే సగమే."

"మంచుకి తోక దీపం ఉండదు నాన్నా."

"స్టేషనుంటది కదా! ఏ స్టేషన్లో దిగాల?"

ఉత్తరాఖండ్ హోటల్‌కు కొండ కింద ఒక ఆఖరి స్టేషను ఉంది. అక్కడి రన్నింగ్ రూములో, అంటే బండి దిగిన డ్రైవర్లూ గార్డులూ నిద్రపోయే బసలో, వంట చూసే మనిషి ఒకప్పుడు రాయపూర్‌లో పనిచేసినవాడు. హిమాచల్ వైపు నాన్నకు తెలిసినవారు ఎవరూ లేరు. అంతటితో ఆయన దృష్టిలో హిమాచల్ అనేది లేకుండా పోయింది.

అమ్మ లోపలి నుంచి అంది. "ఆ వంటాయన పప్పులో ఉప్పుందో లేదో చెప్పలేకపోయేవోడు. మంచు సంగతి చెప్తాడా?"

"నువ్వుండవే. పక్కా మనిషి."

నాన్న ఆయనకు ఫోన్ చేశారు. మర్నాడు జవాబొచ్చింది: పైన మంచు మొదలైంది, జీపులు నిండుగా వెళ్తున్నాయి. ఒక్క సాక్ష్యంతో ఒప్పుకునే మనిషిని కాను. ఆ స్టేషను పక్కనున్న ఒక లాడ్జి నంబరు సంపాదించి, వారు ఇచ్చిన జీపు డ్రైవర్‌తో నేనే మాట్లాడాను. మంచు మొదలైంది, జీపులు నిండుగా వెళ్తున్నాయి అన్నాడతను. ఒకరికొకరు తెలియని ఇద్దరు, ఒకే మాట. కాలేజీలో మాకు నేర్పిన పద్ధతి ప్రకారం ఇది బలమైన ఆధారం. హిమాచల్‌కు రాలేనని చెప్పేశాను. అమ్మ రెండు స్వెట్టర్లు సర్దింది. నాన్న తోక దీపం గురించి మరోసారి గుర్తుచేశారు.

ఆఖరి స్టేషన్లో అదే డ్రైవర్ జీపెక్కాను. పక్క సీట్లో నేనొక్కడినే. వెనక రెండు గ్యాస్ సిలిండర్లు.

"మీది రాయపూర్ కదా?" అన్నాడు అతను ఉత్సాహంగా. "ఈసారి గిరాకీ జోరుగా ఉంటుంది సాబ్. రాయపూర్ నుంచే రెండు వాకబులొచ్చాయి. ఒకటి మీది. ఇంకొకటి రన్నింగ్ రూము వంటాయన ద్వారా, ఎవరో రైల్వే పెద్దమనిషిది. ఆయనకూ నేనే చెప్పాను. పైన హోటల్‌వాళ్లకీ చెప్పాను, జనం కదులుతున్నారని."

"మంచు మీరు చూశారా?"

"హోటల్‌వాళ్లు చెప్పారు సాబ్."

మిగిలిన దారంతా సాక్ష్యాలు మళ్లీ లెక్కపెట్టాను. ఇద్దరు సాక్షులు ఒకరే అయ్యారు, ఆ ఒకరూ చూడలేదు. మా వాకబులే పైకెళ్లి జనం కదలికగా నమోదయ్యాయి.

వాలు గోధుమ రంగులో ఉంది. ఎండు గడ్డి మీద గొర్రెలు మేస్తున్నాయి. వంగిన దేవదారు ఏ పక్కనా లేదు. మేనేజర్ నన్ను చూసి, నేను ఇనుప కొలిమి దగ్గర పనిచేసినవాడినని గుర్తుచేసుకుని, కట్టెలతో నడిచే వేడినీళ్ల బాయిలర్ అప్పగించాడు. మంచు కోసం వచ్చినవాణ్ణి మళ్లీ నిప్పు దగ్గరికే చేరాను. దాని చిమ్నీ ఉర్లా చిమ్నీలకు చిన్న తమ్ముడిలా ఉండేది. జీతం అడిగితే మేనేజర్ వాలు వైపు చూపించేవాడు. వంటవాడూ, గదులు శుభ్రం చేసేవారూ, అతిథులను వాలు పైకి చేర్చే లిఫ్టు నడిపే కుర్రాళ్లూ అందరం రోజూ ఆకాశం చూసేవాళ్లం. వాళ్లలో ఒక్కరూ దాన్ని నాలా అనుమానంగా చూసేవారు కాదు.

ఒక మధ్యాహ్నం గాలి తిరిగింది. వంటింటి వెనక ఆవరణలో తెల్లటి రేణువులు రాలసాగాయి. "బర్ఫ్! బర్ఫ్!" అని వంటవాడు గరిటెతోనే బయటికి పరుగెత్తాడు. మేనేజర్ ఫోన్ చెవిన పెట్టుకునే వచ్చాడు. అవతల ఢిల్లీ అతిథి.

"పడుతోంది సార్, తాజాగా పడుతోంది!" అని, ఫోన్‌ను అరచేత్తో మూసి మావైపు తిరిగాడు. "జీతం సంగతి రేపు చూద్దాం. ఇది ఖాయం కావాలి కదా."

"మేనేజర్ సాబ్, ఢిల్లీకి పడిన మంచు మాకు పడలేదా?" అన్నాడు వంటవాడు.

మేనేజర్‌కు ఇబ్బంది వచ్చిపడింది. మంచయితే జీతాలివ్వాలి, కాకపోతే గదులు నిండవు. ఆయన కళ్లు నామీద ఆగాయి. "మీరు సైన్సు మనిషి కదా. చెప్పండి."

చెయ్యి చాచాను. ఒక రేణువు అరచేతిలో పడింది. కరగలేదు. వేలితో నలిపాను, బూడిద రంగు గీత మిగిలింది. డాబా మీద చొక్కాలతో చిన్నప్పటి నుంచి చేస్తున్న పరీక్ష ఇది. ఫలితం స్పష్టంగా ఉంది: నేనే మండించిన కట్టెల బూడిద. నా జీతం కూడా అందులోనే ఉంది.

"చెప్పకు భాయ్," అని వంటవాడు గొణిగాడు.

"బూడిద," అన్నాను.

అందరూ నావైపు చూసిన చూపు వర్ణించను. మేనేజర్ ఢిల్లీ ఫోన్ నొక్కి పట్టుకున్నాడు గానీ పెట్టెయ్యలేదు. నేను చెయ్యి చాచే ఉంచాను. ఒక్క కొలత మీద తీర్మానం చేయకూడదన్నది నాకున్న మరో చెడ్డ అలవాటు. రెండోది కరగలేదు. మూడోది నలపబోతే వేలి కింద నీటి చుక్కయింది.

"కొన్ని కరుగుతున్నాయి," అన్నాను.

"ఎన్ని?" అన్నాడు మేనేజర్.

"ఒక్కటి కరిగినా జీతమే!" అని వంటవాడు గరిటె పైకెత్తాడు.

చీకటి పడేసరికి బూడిద ఓడిపోయింది. గొర్రెల దారి మంచు కింద కనిపించలేదు. జీతం ఆ రోజు నుంచా మర్నాటి నుంచా అన్న వాదం వంటింట్లో చాలాసేపు సాగి, వంటవాడు భోజనం వడ్డించనని అనడంతో ఆ రోజు నుంచే అని తేలింది.

ఇంటికి ఫోన్ చేశాను.

"పడిందా?" అన్నారు నాన్న.

"పడింది. కరిగింది కూడా. చేత్తో చూశాను."

"ఎంత?"

"ఇంకా ఇంజినే కనపడింది నాన్నా. వెనక డబ్బాలు వస్తున్నాయి."

ఆయన ఫోన్ పక్కకు జరిపారు. తర్వాత అమ్మతో అనడం వినిపించింది. "చూశావా, మా వంటాయన చెప్పిందే నిజమైంది."