ఈరప్ప పడవ కొలతలు

2022 ఎండాకాలం. జహీరాబాద్ దాటాక చిరాగ్‌పల్లి దగ్గర, ముంబై హైవే పక్కన మా షెడ్డు. నేను హౌస్‌బోట్లు డిజైన్ చేస్తాను. పూర్వం మనుషుల్నీ సరుకునీ ఏరు దాటించిన నాటు పడవల వంపులు తీసుకుని, ఇనుములో, లోపల వంటిల్లూ పడకగదీ ఉండేలా గీస్తాను. సముద్రం లేని ఊళ్లో పడవలేమిటని అందరూ అడుగుతారు. మా ఆయన ఉద్యోగం ఇక్కడి ట్రాక్టర్ ఫ్యాక్టరీలో. ఇనుప రేకును చెప్పినట్టు వంచే వెల్డర్లు కూడా నాకు ఇక్కడే దొరికారు. ముక్కలుగా చేసి లారీల మీద రిజర్వాయర్లకు పంపుతాం.

ఆ రోజుల్లో మొగుడంపల్లి వైపు నుంచి శివరాజ్ అనే అల్లం రైతు వచ్చాడు. వయసు నలభై దాటింది. వాళ్ల ఊరు మంజీరా ఒడ్డున ఉండేదట, డ్యాం నీళ్లలో మునిగిపోయింది. తండ్రి ఈరప్ప అక్కడి రేవులో పడవ నడిపేవాడు. ఊరు మునిగిన ఏడాదే పడవ బండకు తగిలి, దాంతోపాటే మునిగిపోయాడు. అప్పటికి శివరాజ్‌కు ఎనిమిదేళ్లు.

"మా నాయిన పడవ లెక్కనే కావాలె మేడం. మా ఊరి మీద నీళ్లల్ల నిలవెట్టుకొని అండ్లనే ఉంట," అన్నాడు.

"ఫోటో ఏమైనా ఉందా?"

"ఫోటో ఎక్కడిది? ఈసారి నీళ్లు బాగ దిగినయి. పడవనే బయటవడ్డది. వచ్చి సూడుర్రి."

మర్నాడు మిట్టమధ్యాహ్నం వెళ్లాం. నీళ్లు వెనక్కి పోయిన మేరంతా నల్లగా ఎండి పగిలిన బురద. గోడలు ఎప్పుడో కరిగిపోయాయి, రాతి గడపలు మాత్రం వీధి వరుసలోనే ఉన్నాయి. అంత పెద్ద మైదానంలో ఒక్క పిట్ట లేదు. శివరాజ్ ప్రతి గడప ముందూ చెప్పులు విడిచి, దాటాక మళ్లీ తొడుక్కుంటున్నాడు. ఎందుకని అడిగితే, అలా చేస్తున్నట్టు తనకే తెలియదన్నట్టు నా వైపు చూశాడు.

పడవ కుడి పక్కకు ఒరిగి, సగం బురదలో ఉంది. టేకు చెక్క, చెక్కుచెదరలేదు. శివరాజ్ పడవ ముక్కు దగ్గర టేపు పట్టుకున్నాడు, నేను వెనక కొసన కూర్చుని కొలతలు రాసుకుంటున్నాను. ఎడమ వైపు అడుగున బురద గీకితే చెక్కలో వరుసగా ఐదు రంధ్రాలు కనిపించాయి. వేలు పట్టేంత. లోపలి అంచులు నున్నగా, గుండ్రంగా ఉన్నాయి, బయటి వైపు చెక్క పెచ్చులు లేచాయి. బండ తగిలితే చెక్క పగులుతుంది, ఇలా తొలిచినట్టు ఉండదు. ఎవరో పడవలో కూర్చుని, వడ్రంగులు చెక్కకు రంధ్రాలు పెట్టే బర్మాతో తొలిచారు.

"అయిపోయిందా మేడం?" అని ముక్కు దగ్గర నుంచి అరిచాడు శివరాజ్.

"అయిపోయింది," అన్నాను. అరచేత్తో బురద మళ్లీ అక్కడికి తోసేశాను. అతనికి చెప్పలేదు. కాగితం మీదా రాయలేదు.

రెండు వారాలకు షెడ్డులో లాఫ్టింగ్ చేశాం. అంటే పడవను అసలు సైజులో నేల మీద సుద్దతో గీయడం. ఆ గీతల మీదే రేకు కోస్తాం. చూపించడానికి శివరాజ్ వాళ్లమ్మ మాణెమ్మను తీసుకొచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, కళ్లకు శుక్లాలు. గీతలు కనిపించవన్నాడు. ఆమె మాత్రం ఒట్టికాళ్లతో సుద్ద గీత వెంబడే, ఎక్కడా పక్కకు అడుగు పడకుండా నడిచింది. ముక్కు నుంచి మొదలుపెట్టి, చుట్టు తిరిగి, ఎడమ వైపు వెనక కొసన ఆగింది.

"గీడ బొక్కలు గీయలేదేంది బిడ్డా?" అంది.

నేను చేతిలో ఉన్న కొలతల కాగితం మడిచాను.

"ఐదుండాలె."

"ఏం బొక్కలమ్మా?" అన్నాడు శివరాజ్.

"నేనే కొట్టిన." ఆమె తల ఎత్తలేదు. "ఊరు మునిగినంక మీ నాయిన రోజూ పోయి మన ఇంటి మీద పడవ ఆపుకొని కూసుంటుండె. కింద తిరగలి తిప్పుతున్న సప్పుడు ఇనవడుతుంది అంటుండె. తిండి బందువెట్టిండు. ఓనాడు, రేపు పిలగాణ్ని గూడ తోల్కపోత, ఇగ ఆడనే ఉంటం అన్నడు."

వెల్డర్లు పని ఆపేశారు.

"ఆ రాత్రి, ఒడ్డు మీదికి గుంజివెట్టిన పడవల అడుగు పలకలు లేపి బొక్కలు కొట్టిన. ఒడ్డుకాడనే నీళ్లు నిండుతయి, ఎనక్కొస్తడు అనుకున్న. పొద్దుగాల నిన్ను లేపనియ్యలే. ఒక్కడే పోయిండు. మంచుల పడవ కనవడలే. నా పేరు వట్టి రెండుసార్లు పిలిచిండు. కోపంగ గాదు బిడ్డా. రమ్మన్నట్టు పిలిచిండు."

శివరాజ్ బయటికి వెళ్లి, లారీలు పోతున్న రోడ్డు వైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత వచ్చి తల్లి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు.

పది రోజులు ఫోన్ లేదు. నేనూ చేయలేదు. పదకొండో రోజు తనే వచ్చాడు.

"కడుదాం మేడం. నాయిన పడవ లెక్కనే. కని ఊరి మీద వద్దు, అవతలి ఒడ్డుకు కట్టేసుకుంట."

"అమ్మ ఒప్పుకుందా?"

"అమ్మనే జాగ సూపెట్టింది."

ఎడమ వైపు వెనక కొసన, లెక్క ప్రకారం అవసరం లేకపోయినా, రెట్టింపు మందం రేకు వేయించాను.

వానలు పడి నీళ్లు నిండాక పడవను దింపాం. మాణెమ్మ ఎక్కలేదు. ఒడ్డున నిలబడి, "లోపల ఏమన్న సప్పుడైతుందా కొడుకా?" అని అడిగింది.

"లేదమ్మా. నీళ్లే," అన్నాడు శివరాజ్.

ఆ సమయంలో నేను పడవ అడుగు గదిలో అతుకులు చూస్తున్నాను. నాకు వినిపించింది. తిరగలి తిప్పినట్టు గరగరమని, ఆగి, మళ్లీ గరగరమని. పలుచటి రేకు అలకు ఊగితే చప్పుడు వస్తుంది, అది మామూలే. నేను మాత్రం మందపు రేకు మీద కూర్చుని ఉన్నాను. పైకి వచ్చాక ఎవరికీ చెప్పలేదు. శివరాజ్ ఇప్పటికీ అందులోనే ఉంటున్నాడు, ఏదైనా విన్నానని ఎప్పుడూ అనలేదు.

అప్పటిదాకా పాత పడవంటే నాకు పొడవు, వెడల్పు, వంపు. ఇప్పుడు టేపు తీయకముందే ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, దాన్ని చివరిసారి నడిపిందెవరో అడుగుతాను. ఆ మధ్యాహ్నం బురద కప్పి వాళ్లకు మేలు చేశాననుకున్నాను. తిన్నగా మాణెమ్మ దగ్గరికి వెళ్లి అడిగి ఉంటే, ముప్పై ఏళ్లకు పైగా మోసిన మాట ఆమె తన ఇంట్లో, కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని చెప్పుకునేది. నా షెడ్డులో, ముక్కూమొహం తెలియని నలుగురు వెల్డర్ల ముందు, నిలబడి చెప్పాల్సి వచ్చేది కాదు.