మార్తక్క మిషను ఆపింది

చంపాపేట్‌లో మార్తక్క వాళ్ళ ఎంబ్రాయిడరీ షాపులో పాత కంప్యూటర్ మిషను ఒకటుంది. ఆపితే చాలు, దాచుకున్న బ్లౌజు డిజైన్లన్నీ చెరిగిపోతాయి. వాటిని నిలబెట్టే చిప్పులో బ్యాటరీ చచ్చిపోయింది. అలాంటి చిప్పులు ఇప్పుడు ఎవరూ తయారు చేయడం లేదు. అందుకని ఏడాదిగా స్విచ్ మీద టేపు అంటించి, ఇన్వర్టర్ పెట్టి, రాత్రీ పగలూ దాన్ని ఆన్‌లోనే ఉంచుతున్నారు.

దాని బదులు బ్యాటరీ అక్కర్లేని చిప్పు ఒకటి, విడిభాగాలు కొని అతికించి, నేనే ఇంట్లో కూర్చుని చేశాను. నా ఆదివారాలన్నీ దానికే పోయాయి. ఇవాళ డిజైన్లను లాప్‌టాప్‌లోకి తీసుకుని, చిప్పు మార్చి, మళ్ళీ ఎక్కించాను.

"ఒకసారి ఆపండక్కా, చూద్దాం."

"నువ్వే ఆపు తమ్మీ, నాకు చేతులొస్తలేవు."

చివరికి ఆవిడే కళ్ళు మూసుకుని నొక్కింది. టీ తెప్పించారు. ఆవిడ గ్లాసు అలాగే చల్లారిపోయింది. మళ్ళీ ఆన్ చేస్తే, మామిడి పిందెల అంచుతో సహా అన్నీ ఉన్నాయి!

నన్ను మెచ్చుకుంటుందనుకున్నాను. ఆవిడ లోపలికి తిరిగి భర్తను కేకేసింది: "ఏమయ్యా, గీ ఆదివారం ఇద్దరం కలిసే చర్చికి పోదాం. షాపుకు తాళమేస్తా!"

ఇన్నాళ్ళూ ఒకరు ప్రార్థనకు వెళితే, కరెంటు పోయి మిషను ఎక్కడ ఆగిపోతుందోనని ఒకరు కాపలా ఉండేవారట.

నాకు అంతకంటే మెప్పు ఏం కావాలి! ఉబ్బితబ్బిబ్బై ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. అంతా విని, "మంచి పని చేశారు. మరి మన ఆదివారాల సంగతేంటండీ?" అంది.

నిజమే, ఆ చిప్పుకు పెట్టుబడి మా ఆవిడ ఆదివారాలే. ఎల్లుండి ఆదివారం ఆవిడను ఎక్కడికి తీసుకెళ్ళమంటారో మీరే చెప్పండి.