మట్టిరంగు పాలపిట్ట

మొన్న గన్నవరం వెళ్లే దారిలో మా మనవరాలు కరెంటు తీగ మీది పిట్టను ఫోనులో ఫొటో తీసింది. ఇంటికొచ్చి చూసుకుని, ఏదో మట్టిరంగు పిట్టలే అంటూ డిలీట్ చేయబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపిన వేగానికి పిల్ల హడలిపోయింది. మట్టిరంగు పిట్టలంటే నాకున్న గౌరవం దానికేం తెలుసు!

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మేం మంగళగిరిలో ఉండేవాళ్లం. ఇల్లంతా మగ్గం చప్పుడు, గంజి వాసన. నాన్న నేసేవాడు, అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది, తాతయ్య రంగు చెప్పేవాడు. అన్నిట్లోకీ తేలికైన పని ఆయనదే. మా ఇంట్లో ఒక రివాజు ఉండేది. దసరానాడు పాలపిట్టను ముందు ఎవరు చూస్తే వాళ్లు చెప్పిన రంగు పడుగే పండగ వెళ్లాక మగ్గమెక్కాలి. ఏటా తాతయ్యే ముందు చూసేవాడు. ఆయనకు నీలంగా ఏది కనిపించినా పాలపిట్టే. ఎవరైనా నీలం గొడుగు వేసుకొస్తే దానికీ దండం పెట్టేవాడేమో. ఆయన చెప్పే రంగు కూడా ఏటా ఒకటే, ఎరుపు. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఎర్ర నూలు చుట్టి చుట్టి అమ్మకు విసుగు పుట్టింది. తన మనసులోని రంగు ఒక్కసారైనా మగ్గం మీద చూడాలని ఆవిడకు ఎంత కోరికో నాకు తెలుసు. ఆ ఏడు నూలు దొరకడమే గగనమై, ఇంట్లో ఒక్క పడుగుకు, అంటే నాలుగైదు చీరలకు సరిపడా మాత్రమే ఉంది. మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు.

పండగ సాయంత్రం అందరం రైలుకట్ట దాకా వెళ్లాం. నీటిగుంట పైన తంతి తీగ మీద నీలంగా మెరుస్తూ ఒక పిట్ట కూర్చుంది. తాతయ్య అప్పుడే చెప్పులు విడిచి చేతులు జోడించాడు. అమ్మ కొంగు సర్దుకుని నెమ్మదిగానే అంది.

“అది లకుముకి పిట్టండీ మావయ్యగారూ. ముక్కు చూడండి, ఎర్రగా ఎంత పొడుగుందో. పాలపిట్ట అదుగో, ఆ పక్క స్తంభం మీదుంది.”

స్తంభం మీద ఉన్నది మట్టిరంగు ముద్ద. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాన్న తన కాళ్లకేసి చూసుకున్నాడు. తాతయ్య మాత్రం, పాలపిట్టంటే నీలంగా ఉండొద్దటమ్మా అని అడిగాడు. కూర్చున్నంతసేపూ అది నీలం దాచుకుంటుందని, మెట్టచేల ఊళ్లో పుట్టిన తను చిన్నప్పుడు రోజూ చూసిందేనని అమ్మ చెప్పింది. ఎగిరేదాకా ఆగమంది. ఆగాం. పొద్దు వాలుతోంది. ఆ పిట్టకు మా గొడవేం పట్టలేదు, తీరిగ్గా ఈకలు దువ్వుకుంటోంది. నాకు ఏడుపొచ్చేలా ఉంది. ఇంతలో గడ్డిలో మిడత కదిలిందేమో, రెక్కలు విప్పి కిందికి దూకింది. అబ్బ, అంత నీలం! దాని ముందు లకుముకి వెలవెలబోయింది. నవ్వినవాళ్లే ముందుగా దండాలు పెట్టారు. నాకైతే మా అమ్మను చూసి గర్వంతో ఒళ్లు తెలియలేదు.

తాతయ్య కాసేపు పిట్ట వంక, కాసేపు కోడలి వంక చూసి, “రంగు చెప్పమ్మా” అన్నాడు.

“చీరంతా మట్టిరంగండీ. కొంగు మాత్రం నీలం.”

ఆ పడుగులో దిగిన మొదటి చీరను తాతయ్య బేరానికి పెట్టనివ్వలేదు. అమ్మ అది కట్టుకుని వీధి గుమ్మంలోకి వచ్చి, కొంగు ఒక్క విదిలింపు విదిలించి భుజాన వేసుకుంది. ఇరుగుపొరుగు పనులు మానుకుని చూశారు.

ఇదంతా విన్నాక మనవరాలు ఆ ఫొటో డిలీట్ చేయలేదు. రైలుకట్ట దగ్గర మేం ఆగింది కాసేపే. ఇన్నేళ్లుగా కండెలు చుట్టుకుంటూనే ఉన్నాను, ఆ కాసేపటి నూలు నాకింకా అయిపోలేదు.